పెట్టె దించే జాగా

భీమేష్ సౌదీ నుంచి పెట్టెలో వచ్చిన రోజు, అతని ముఖం భార్య గంగామణికి చూపించలేదు. ఎల్లారెడ్డిలో వాళ్లది కిరాయి ఇల్లు. శవం వాకిట్లోకి రావద్దని ఇంటాయన గేటుకు తాళం వేసుకున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన బండి అటునుంచటే కాటికి పోయింది. దారిలో పాడె దించే దింపుడు కళ్లం దగ్గర పెట్టెను నేల మీద పెట్టారు. పోయినవాడి చెవిలో మూడుసార్లు పేరు పిలవాలి కదా. తల ఏ వైపుందో తెలియక భీమేష్ అన్న బీరయ్య పెట్టె నడుమ వంగి పిలిచాడు.

ఆడవాళ్లను ఆపిన చోటి నుంచే గంగామణి మొత్తుకుంది. "బావా, ఒక్కసారి మూత తియ్యుండ్రి."

"నేను పట్నంల సూసిన. మనోడే. నువ్వు సూడలేవు" అన్నాడు బీరయ్య. పెట్టెతో సహా కాల్చేశారు.

ఆ ఒక్క మాట మీద ఆమె బొట్టు తీసింది. ఆ మాట మీదే ఎనిమిదేళ్లు బీడీలు చుట్టింది. బీరయ్య చెడ్డవాడు కాదు. తమ్ముడి బిడ్డను తన పిల్లలతో పాటే చదివించాడు. అదే ఆమెకు కష్టమైంది. చెడ్డవాడైతే వాడి మాట నమ్మకుండా ఉండవచ్చు. తెలియని నంబరు నుంచి ఫోను మోగిన ప్రతిసారీ ఆకు కత్తిరించే కత్తెర ఆమె చేతిలో ఆగిపోయేది. ఎవరి ఫోను కోసం ఆగిందో ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

పోయినేడు కామారెడ్డిలోని ఒక ట్రస్టు ఎల్లారెడ్డిలో కొత్త తరహా వైకుంఠధామం కట్టిస్తామని నమూనాల పోటీ పెట్టింది. తీర్పు చెప్పేవాళ్లు ఐదుగురు. నలుగురు చదువుకున్న పెద్దమనుషులు. ఐదో కుర్చీ 'ప్రజల తరఫున' అని కాగితం మీద రాసుకున్నారు కాబట్టి మహిళా సంఘం లీడరు గంగామణిని పిలిచారు. చాయ్ తాగి సంతకం పెట్టి పోతుందనుకున్నారు. ఐదు సంతకాలూ పడితేనే ఫలితం చెల్లుతుందన్న నియమం కూడా వాళ్లు రాసుకున్నదే.

కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాలు మేడ మీద కూర్చున్నారు. చివరికి నాలుగు నమూనాలు మిగిలాయి. వాళ్లకు అధ్యక్షుడైన ఆర్కిటెక్టు బాలరాజు మనసు పట్నం నుంచి వచ్చిన వినీత నమూనా మీద ఉంది. బల్ల మీద అట్టతో చేసిన ముచ్చటైన బొమ్మ. బండి నేరుగా లోపలికి వస్తుంది. దేహం పట్టాల మీద గ్యాస్ కొలిమిలోకి పోతుంది. పొగను నీళ్లతో కడిగి బయటికి వదులుతారు.

"ఎవరూ మోయక్కర్లేదు. ఎక్కడా ఆగక్కర్లేదు" అంది వినీత.

గంగామణి బొమ్మ మీదికి వంగి, గేటు నుంచి కొలిమి దాకా వేలితో నడిచింది. మళ్లీ వెనక్కి వచ్చింది.

"బిడ్డా, పెట్టె అస్తే యాడ దించుతరు?"

"ఏ పెట్టె ఆంటీ?"

"సౌదీ పెట్టె, దుబాయ్ పెట్టె. మా దిక్కు శానమంది గట్లనే అస్తరు."

"అవి ఇంటి దగ్గరే తెరుస్తారు కదా?"

"ఇల్లున్నోళ్లు తెరుస్తరు."

బాలరాజు మార్కుల కాగితం ముందుకు జరిపాడు. "అమ్మా, అందం, పొగ, ఖర్చు, స్థలం, నిర్వహణ. ఈ ఐదింటికే మార్కులు. పెట్టె ముచ్చట ఇందుల లేదు."

"లేదనే అడుగుతున్న సారూ."

"సంతకం పెట్టకుంటే దాత వాపస్ పోతడు. వచ్చే వానకాలం మీ ఊరోళ్లు శవం పట్టుకొని తడుసుకుంట నిలబడితే మీ పేరే చెప్తరు."

అది ఉత్త బెదిరింపు కాదు. కిందటి వానల్లో వాళ్ల ఊరి ఎంకవ్వ చితి మూడుసార్లు ఆరిపోయింది. మంట నిలవడానికి కొడుకు పాత టైర్లు తెచ్చి వేశాడు. అది గుర్తొచ్చి గంగామణి చెయ్యి పెన్ను మీదికి పోయింది. పోయి అక్కడే ఆగింది. కిందికి మనిషిని పంపి, సంగతి చెప్పించి, ఆమెను బండి మీద తీసుకొచ్చిన బీరయ్యను పిలిపించాడు బాలరాజు.

బీరయ్య వచ్చి చెప్పులు గడప బయటే విడిచాడు. "గంగామణీ, పెద్దోళ్ల ముంగట గిదేం పంచాది? సంతకం పెట్టు. పెట్టె తెరిస్తే ఏమొస్తది? సూసినోనికే తెలుస్తది."

"నువ్వు సూసినవా బావా?"

"సూసిన."

"ఏ అంగీ తొడిగిండ్రు?"

బీరయ్య ఆమె వైపు చూడలేదు. అట్టబొమ్మలోని పట్టాల వంక చూశాడు.

"కాగితం ఇచ్చిండ్రు" అన్నాడు చివరికి. "పేరు మనోనిదే ఉండె. మూత తీస్తమన్నరు. నాతోని కాలె."

గంగామణి ఏడవలేదు. పెన్ను తీసింది. మార్కుల కాగితం అడుగున, ఐదు వరుసల కింద, వంకరగా ఇంకో గీత గీసి ఆరో వరుస చేసింది. 'పెట్టె దించే జాగా' అని కూడబలుక్కుంటూ రాసింది. నాలుగు నమూనాలకూ ఎదురుగా నాలుగు సున్నాలు చుట్టింది. దాని కింద సంతకం పెట్టి బాలరాజు ముందుకు నెట్టింది.

"ఇగో సారూ, సంతకం."

ఆమె సంతకం లేకపోతే ఫలితం లేదు. సంతకం కావాలంటే సున్నాలూ ఒప్పుకోవాలి. బాలరాజు కాగితాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు. వినీత మాత్రం అప్పటికే పెన్సిలు తీసి, గేటుకూ కొలిమికీ నడుమ చిన్న గది గీస్తోంది. "ఎంత పొడుగుంటుంది ఆంటీ, పెట్టె?" అని అడిగింది. గంగామణి లేచి రెండు చేతులూ చాపి చూపించింది. ఆ గది కట్టాలన్న షరతుతోనే పొద్దుగూకే లోపల వినీత గెలిచినట్టు ప్రకటించారు. పేపర్లో వచ్చిన ఫోటోలో నలుగురే ఉన్నారు. ఆ సాయంత్రం గంగామణి ఎల్లారెడ్డికి బస్సులో పోయింది.

ఆ తర్వాత గంగామణీ బీరయ్యా ఎదురుపడింది పునాదుల దగ్గర. మేస్త్రీ ఆ గదికి సున్నంతో గీత పోశాడు. గంగామణి గీత లోపల నిలబడి ఉంది. బీరయ్య గీత దాటలేదు.

"మాఫ్ చెయ్యి గంగామణీ" అన్నాడు.

ఆమె గది నడిమి జాగాను కాలితో చూపించింది.

"ఈడ దిమ్మె కడుతరట బావా. మూత తీసేటందుకు స్క్రూడ్రైవరు, మేకులు పీకే సుత్తి గోడకు ఎప్పటికీ ఉండాలె. అవి నువ్వు తెచ్చి తగిలియ్యి. తెచ్చినంక మాట్లాడుదాం."