నూలు బంతి, ఆసియా కప్పు

నా ఈడు సిరిసిల్ల మిత్రులారా, బట్ట నేసే కరెంటు సాంచెల కింద రాలిన చిక్కు నూలుతో మనం చుట్టుకున్న బంతులు గుర్తున్నాయా? నిన్న ఫోన్‌లో మన దేశ మహిళా ఫుట్‌బాల్ జట్టు చరిత్ర చదువుతుంటే మా అక్క చుట్టిన బంతి గుర్తుకొచ్చింది.

చిక్కు నూలు చాలక అక్క ఎనభై ఆరులో ఒకరోజు, నేతకు చుట్టిపెట్టిన కండెల మీది మంచి నూలును కూడా చుట్టేసింది. నాయన చూశాడు.

"బడిల ఫుట్‌బాల్ ఆడుత నాయనా," అన్నది అక్క.

"ఆడివిల్లలకు గా ఆట ఏడుంటదే? దేశంల ఆడేటోళ్ళు ఉన్నరని చూపెట్టు, బంతి నువ్వే ఉంచుకో."

అక్కకు తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆమె బంతినంతా విప్పి, నూలును మళ్ళీ కండెలకు చుట్టింది. ఆ తర్వాత ఆడలేదు.

అప్పటికే మన జట్టు ఆసియా కప్పులో రెండుసార్లు రెండో స్థానంలో నిలిచిందట. పగలు సాంచెలు నడిపి, రాత్రి కాలేజీలో చదువుకొని పట్టా పొందిన నాకు కూడా ఆ సంగతి నిన్ననే తెలిసింది.

ఇవాళ అక్క అత్తగారి ఊరు తంగళ్ళపల్లి వెళ్ళి ఆమెకు అది చదివి వినిపించాను. ఆమె బీడీలు చుడుతూనే విన్నది.

"అంటే గప్పటికే ఉన్నరన్నట్టు," అన్నది. "నాయన ఉంటే బంతి ఇచ్చేటోడు తమ్మీ. మాట తప్పేటోడు గాదు," అని ఇంకో ఆకు అందుకున్నది.

నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను.