బోల్టుకు అవతలి వైపు

ఇనుమును గట్టిగానూ తల్లి గర్భాన్ని మెత్తగానూ చేసిన దేవునికి స్తోత్రం. వెలుగుతో పాటు చీకటి కూడా ఆయన చెప్పుచేతల్లోనే ఉంది. ఆ చీకట్లో నన్ను విడిచిపెట్టని ఆయన నామానికి మహిమ కలుగును గాక.

ఇప్పుడు చెప్పబోయేది నిజం. సంఘంలో సాక్ష్యానికి లేచి నిలబడ్డప్పుడు ఎలా చెబుతానో అలాగే చెబుతున్నాను. ఒక్క ముక్క కలపను. మా ఆవిడ మాత్రం రాత్రిపూట ఈ సంగతి ఎత్తొద్దంటుంది. కానీ పగలు చెబితే మీకు సగమే అర్థమవుతుంది. అందుకని, దగ్గరగా జరిగి వినండి...

మా ఊరు మొవ్వకు రెండు మైళ్ళు. అప్పటికి మాకింకా కరెంటు రాలేదు. నేను బందరులో ఒక దొరసాని డాక్టరుగారి దగ్గర ఆరేళ్ళు డ్రైవరుగా పనిచేశాను. ఆవిడ తన దేశం వెళ్ళిపోతూ తన పాత కారు నా చేతిలో పెట్టి ప్రార్థన చేసి వెళ్ళారు. అప్పటికే దానికి పాతికేళ్ళు. మన గట్ల మీద ఎద్దుబండ్ల గాడిలో తిరిగి తిరిగి దాని ముందు భాగం పూర్తిగా పాడైంది. స్టీరింగు పట్టుకుంటే చలిజ్వరం వచ్చినవాడి చేతిలా వణికేది. ముందు కమాన్లు, అంటే చక్రాల మీద కారు బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, రెండు వైపులా విరిగాయి. చిన్న గుంటలో పడినా నడుము విరిగినంత పని.

ఆ ఏడాది వైశాఖంలో అక్క కాన్పుకు మా ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఇద్దరు పిల్లలు పోయారు. ఈసారి మాయ కిందికి దిగి ఉందని బందరులో కొత్తగా వచ్చిన డాక్టరమ్మగారు ముందే హెచ్చరించారు. "కుదుపు తగలకూడదు. ఎద్దుబండి వద్దు, బస్సు వద్దు. పది రోజుల ముందే పడుకోబెట్టి తీసుకురండి" అన్నారు. అందుకే కారు మొత్తం విప్పి కూర్చున్నాను. చక్రాలు తీసేసి, ముందు భాగాన్ని జాకీతో లేపి, అమ్మ వాడే రెండు రాతి రోళ్ళు బోర్లించి వాటి మీద నిలబెట్టాను. చక్రాలు తిరిగే చోటుండే కింగ్ పిన్నులు ముందే మార్చేశాను. మిగిలింది కమాన్లు. వాటిని గుడివాడ తీసుకెళ్ళి కొత్త పట్టీలు వేయించి, బోల్టులు దూరే ఇత్తడి గొట్టాలు, అదే బుష్షులు, తిప్పించి, బస్సు మీద వేసుకుని సాయంత్రానికి ఇల్లు చేరాను.

చేరేసరికి అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం చూడగానే తెలిసింది.

"అక్కకు కొద్దిగా ఎరుపు కనబడిందిరా. మంత్రసాని వచ్చి చూసింది. తెల్లారేసరికి బందరులో ఉండాలంది. బండెక్కిస్తే మాత్రం తన పూచీ లేదంది."

నేను స్నానం కూడా చేయలేదు. లాంతరు వెలిగించి, గోనెసంచి పరచుకుని కారు కిందికి దూరాను.

పని ఎలాంటిదో కొంచెం చెప్పాలి. లేకపోతే ఆ రాత్రి నాకెందుకు భయమేసిందో మీకు తెలియదు. ఒక్కో కమానును మూడు బోల్టులు పట్టి ఉంచుతాయి. బోల్టు తల బయటివైపు, నట్టు లోపలివైపు. కింద పడుకున్నవాడు నట్టు బిగిస్తే, బయట కూర్చున్నవాడు పానాతో బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి. తల తిరిగిందా, నట్టు కూడా దాంతో పాటే తిరుగుతుంది. తెల్లవార్లూ తిప్పినా బిగవదు. ఒక్కడి చేతులు రెండు వైపులకూ అందవు. ఇద్దరు కావాలి.

రెండో మనిషి మా బావ. అక్క భర్త. మూడు రాత్రులుగా నిద్ర లేదు. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. అయినా నోరు మాత్రం ఊరుకోదు.

"బావా, బోల్టు తల గట్టిగా పట్టుకో" అన్నాను.

"మీ అక్కను చేసుకున్నప్పటి నుంచీ తల పట్టుకునే ఉన్నాను గదరా! ఇదేమన్నా కొత్తా?"

గదిలోంచి అక్క గొంతు వచ్చింది. "నాకు వినబడుతోంది!"

"వినబడాలనే అన్నా. పలికావు, చాలు" అన్నాడు బావ. ఆ మాట నవ్వుతూనే అన్నాడు.

ఎడమవైపు మూడు బోల్టులూ బిగించాం. నేను నట్టు తిప్పినప్పుడల్లా బావ చేతిలోని పానా ఫ్రేముకు తగిలి టింగు... టింగుమనేది. కింద పడుకున్న నాకు ఆయన కాళ్ళు మోకాళ్ళ దాకా కనబడేవి. టైరు చెప్పులు. వాటి మీద దుమ్ము. కాలువలకు నీళ్ళు కట్టేసి నెల దాటింది. ఊరంతా దుమ్మే.

కుడివైపుకు జరుగుతుండగా అక్క మూలిగింది. "చూసొస్తానురా, నువ్వు ఈలోపు కమాను ఎత్తి పెట్టు" అని బావ లోపలికి వెళ్ళాడు. నేను కమానును పొట్ట మీద పెట్టుకుని, మోకాలితో ఎత్తి, బోల్టులు దూర్చి, నట్లు చేత్తో ఎక్కించాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. చెమట కళ్ళలోకి కారుతోంది. లాంతరు నా తల దగ్గర ఉంది.

అవతల అడుగుల చప్పుడు వినబడింది. మెత్తగా...

"వచ్చావా? పట్టుకో బావా" అన్నాను.

"ఊఁ."

రాత్రిపూట ఎవరైనా పిలిస్తే పలకొద్దంటారు పెద్దలు. పిలవొద్దని మాత్రం నాకెవరూ చెప్పలేదు.

నట్టు తిప్పాను. అవతల తల కదల్లేదు. గట్టిగా, హాయిగా బిగుసుకుంది. మొదటిది అయింది. "రెండోది" అన్నాను. "ఊఁ" అన్నాడు. బావ ఇంత తక్కువ మాట్లాడటం ఎప్పుడూ చూడలేదు. పాపం, దిగులుతో ఉన్నాడనుకున్నాను. రెండోదీ అయింది.

అప్పుడనిపించింది... టింగుమనే చప్పుడు లేదేమిటి?

అలవాటుగా తల పక్కకు తిప్పి చూశాను. కాళ్ళు కనబడ్డాయి. చెప్పులు లేవు. ఒట్టి కాళ్ళు. చీలమండల దాకా నల్లటి బురద. తడి బురద... లాంతరు వెలుగులో మెరుస్తోంది. నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని ఉంటాడనుకున్నాను. మనసు ఎంత తొందరగా సర్దుకుంటుందో చూడండి. మూడో నట్టు మీద పానా పెట్టాను. పచ్చి బురద వాసన వచ్చింది. కాలువకు కొత్తనీళ్ళు వదిలిన రోజున వచ్చే వాసన. వైశాఖంలో...

సగం బిగించాను. ఇంకా నాలుగైదు చుట్లు ఉంది.

అప్పుడు ఇంట్లోంచి అక్క గొంతు.

"ఏమండీ... లేవండి. విసనకర్ర నా మీద పడేశారు."

దాని వెనకే బావ గొంతు. నిద్రమత్తుగా. గదిలోంచి. "ఆఁ... ఆఁ... కన్నంటుకుపోయింది, రాహేలూ."

నా చెయ్యి పానా మీద ఉంది. పానా నట్టు మీద ఉంది. నట్టుకు అవతల... తల ఇంకా కదలకుండా ఉంది.

నిజం చెబుతున్నాను, గుండె కొట్టుకునే చప్పుడు కారు రేకుకు తగిలి నాకే తిరిగి వినబడింది. చీమలు లాంతరు గాజు మీద పాకుతున్నాయి. వాటిని లెక్కపెట్టాను. ఎందుకో తెలియదు. ఏడు. కాళ్ళ వైపు చూడదలుచుకోలేదు. చూశాను. అవి అక్కడే ఉన్నాయి. కుడికాలి బొటనవేలు నేలను కొంచెం నొక్కింది... బరువు మోసేవాడు ఆనుకున్నట్టు.

పారిపోవాలనిపించింది. కారు కింద వెల్లకిలా పడుకున్నవాడు ఎక్కడికి పారిపోతాడు? అయినా జరగొచ్చు. ఎడమవైపు నుంచి బయటపడి కేకలు పెట్టొచ్చు. కానీ ఆ చెయ్యి వదిలేస్తే? భయపడిన బావ మళ్ళీ పానా పట్టుకుంటాడా? తెల్లారేసరికి అక్క...

కళ్ళు మూసుకున్నాను. "నీవెవరివైనా సరే, యేసయ్య పేరట గట్టిగా పట్టుకో. ఇంకొక్క నట్టే ఉంది" అన్నాను.

చాలాసేపు ఏమీ లేదు.

"ఊఁ."

తిప్పాను. ఒక చుట్టు... రెండు... మూడు... అవతల ఇసుమంత కదలిక లేదు. నాలుగో చుట్టుకు నట్టు పూర్తిగా బిగిసింది. చివరికి ఒళ్ళంతా బరువేసి లాగాను. ఇక కదల్లేదు.

"అయిపోయింది. ఇక వదిలెయ్యండి" అన్నాను. అప్పటిదాకా నువ్వన్నవాణ్ణి, ఆ క్షణాన మీరు అనకుండా ఉండలేకపోయాను.

కాళ్ళు వెనక్కి జరిగాయి. లాంతరు వెలుగు అంచు దాకా కనబడ్డాయి. ఆ తర్వాత కనబడలేదు.

ఎంతసేపు అలా పడుకున్నానో. కీర్తనల్లో నాకు కంఠతా వచ్చినవన్నీ కలగాపులగంగా నోట్లో నలిగాయి. ఈలోగా టైరు చెప్పుల చప్పుడు. బావ వంగి కారు కిందికి చూశాడు.

"ఒరేయ్, ఇంకా మొదలెట్టలేదా? పానా నా దగ్గరే ఉండిపోయింది. ఒళ్ళో పెట్టుకుని నిద్రపోయానురా, ఏమీ అనుకోకు."

చేతిలో ఆ పానా ఉంది. ఆ బోల్టు తలకు సరిపోయే పానా మా ఇంట్లో అదొక్కటే.

"అయిపోయింది, చక్రాలు అందించు" అన్నాను. బావ కుడివైపు నట్లు ఒక్కొక్కటే లాగి చూశాడు. నా వంక చూశాడు. మళ్ళీ నట్ల వంక చూశాడు. ఆ పానా కింద పెట్టి చక్రం దొర్లించుకొచ్చాడు. రోళ్ళు తీసేసి కారును దించాం. కొత్త కమాన్లు ఒక్కసారి ఊగి, బరువు తీసుకుని, సద్దుకున్నాయి.

తొలికోడి కూయకముందే బయలుదేరాం. అక్కను వెనక సీటులో పరుపు వేసి పడుకోబెట్టాం. తల అమ్మ ఒళ్ళో. గాడిలోంచి గట్టెక్కేటప్పుడు నేను వేగం తగ్గించాను. కారు పడవలా సాగింది. గూడూరు దగ్గరికి వచ్చాక అక్క అడిగింది.

"ఏరా తమ్ముడూ, ఇంకా బయల్దేరలేదా?"

బావ అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

పొద్దెక్కేసరికి పాప పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. డాక్టరమ్మగారు బయటికి వచ్చి ఆ మాట చెప్పగానే ఆసుపత్రి వరండాలోనే చతికిలబడ్డాను. ఆ రాత్రి ఒంట్లో చేరిన భయమంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఏడ్చాను, నవ్వాను. బావకు అప్పుడు చెప్పాను. మొదట నమ్మలేదు. తర్వాత ఒళ్ళో పానా సంగతి గుర్తొచ్చింది. చివరికి అన్నాడు, "ఎవరో గానీ, నాకన్నా బాగా పట్టుకున్నాడు."

ఇంటికి వచ్చి చూస్తే కారు నిలిపిన చోట కుడివైపు నేల మీద రెండు తడి మచ్చలు. రాత్రి కుండ ఒలికిందేమో అంది అమ్మ. అయ్యుండొచ్చు. గుడివాడలో కమాన్లు చేసిన ముసలి మేస్త్రిని అడిగాను. "కొత్త బుష్షులో బోల్టు ఒక్కోసారి పట్టేస్తుందండీ. తల ఎవరూ పట్టుకోకపోయినా తిరగదు" అన్నాడు.

"ఒకటి పట్టేస్తుంది మేస్త్రీ. మూడూనా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "మూడంటే... నేనెప్పుడూ చూళ్ళేదు."

పక్కింటి రైతు మావయ్య మా ఊరి కాలువలో ఎప్పుడో మునిగిపోయిన బండివాడి పేరు చెప్పబోతే నేనే ఆపాను. చచ్చినవాళ్ళు తిరిగొచ్చి పానాలు పడతారని నేను నమ్మను. మా పాస్టరుగారైతే దేవదూతే అన్నారు.

"దేవదూత కాళ్ళకు బురదెందుకుంటుందండీ?" అని అడిగాను.

"మరి అబ్రాహాము గుడారానికి వచ్చిన దేవదూతలకు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళెందుకు తెప్పించాడయ్యా?" అన్నారాయన.

అయినా ఆ బురద వాసన నన్ను విడిచిపోలేదు. రెండేళ్ళ తర్వాత ఆ బోల్టులు మళ్ళీ విప్పాను. కుడివైపువి బుష్షులో వేలితో తిప్పితే తిరిగాయి. అరిగిపోయి వదులయ్యాయని మేస్త్రి అన్నాడు. అయ్యుండొచ్చు... ఆ పాపకిప్పుడు పెళ్ళయింది, పిల్లలున్నారు. నేను మాత్రం ఇంకా ఆ కాళ్ళు ఎవరివో ఆలోచిస్తూనే ఉన్నాను.

వింటున్న సహోదరులారా, సహోదరీలారా, ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. ప్రభువా, ఈ రాత్రి చీకట్లో ఒంటరిగా పని చేస్తున్న ప్రతివాడికీ అవతలి వైపు ఒక చెయ్యి అందించు. నెప్పులు పడే ప్రతి తల్లినీ కుదుపు లేకుండా ఒడ్డుకు చేర్చు. ఆ రాత్రి నీవు ఎవరిని పంపావో మాకు తెలియదు. పంపినందుకు స్తోత్రం.

ఆమేన్ అని గట్టిగా పలకండి. నా కోసం ఈ ఒక్కటి చేయండి... "ఊఁ" అని మాత్రం అనొద్దు.