మావిస్ ఎత్తని ఫోను

కారవాంగ్ లోయలో మావిస్ ట్రెలోర్‌కి నచ్చిన మనుషులు బహు తక్కువ. నచ్చనివాళ్లు మిగతా అందరూ. అయినా ఎక్కడైనా నిప్పు కనబడితే లోయవాళ్లు ముందుగా ఫోను చేసేది ఆమె ఇంటికే. అక్కడి అత్యవసర నంబరు ట్రిపుల్ జీరోకి చేస్తే పట్నం నుంచి ఫైరింజన్ బయలుదేరి, ఆ మట్టిరోడ్డు మీద పడి వచ్చేసరికి కాలాల్సింది కాలిపోతుంది. మావిస్‌కి చేస్తే ఆమె పరుగున వెళ్లి, గేటు పక్క స్తంభానికి బిగించిన సైరన్ పిడి పట్టుకుని తిప్పుతుంది. ఆ కూత వినగానే ఉన్ని కత్తిరిస్తున్నవాడు గొర్రెను వదిలి, తింటున్నవాడు కంచం వదిలి, నీళ్ల ట్యాంకులు పెట్టిన బండ్లు వేసుకుని వచ్చేస్తారు. ఆ సైరన్ మావిస్ అత్తగారి కాలం నుంచి ఆ ఇంటిదే. అత్తగారు పోతూ పోతూ వెండి సామాను కూతుళ్లకిచ్చి, సైరన్ కోడలికి అప్పగించింది. అసలు ఆస్తి తనకే దక్కిందని మావిస్ నమ్మకం. వేసవిలో ఆమె లోయ దాటి ఎరగదు. సొంత చెల్లెలు అక్కడి నడివేసవి అయిన ఫిబ్రవరిలో పెళ్లి పెట్టుకుంటే, బుద్ధి ఉన్నవాళ్లెవరైనా నిప్పుల కాలంలో పెళ్లి చేసుకుంటారా అని తిట్టి, వెళ్లకుండా ఊరుకుంది.

గుట్టకి అవతల క్లెమ్ హార్డాకర్ ఉంటాడు. అతనికీ ఆమెకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. అతని పొట్టేలు కంచె దూకి ఆమె మేలుజాతి గొర్రెల్లో కలిసిందన్నది మొదటి తగాదా. ఆ తర్వాతవి చెప్పాలంటే వాళ్లిద్దరికీ కూడా సరిగ్గా గుర్తులేవు, కోపం మాత్రం ఉంది.

లోయకి ఉపగ్రహ ఇంటర్నెట్ వచ్చిన ఏడాది, కంపెనీ మనిషి ఒకడు కమ్యూనిటీ హాలులో మీటింగు పెట్టాడు. పాత ల్యాండ్‌లైన్ అలాగే ఉంచుకోవచ్చు, లేదా ఇంటర్నెట్ మీద నడిచే ఫోనుకి మారిపోవచ్చు, ఎవరిష్టం వాళ్లది అన్నాడు. అందరికన్నా ముందు క్లెమ్ లేచాడు.

"ఆ పాత తీగలు పుచ్చిపోయాయి. నాలుగు చినుకులు పడితే లైన్లో కప్పలు అరుస్తున్నట్టుంటుంది. నేను మారిపోతున్నా. పనిలో పని, ఆ సైరన్ కూడా మా ఇంటికి మార్చేస్తే పోలా? మావిస్‌కి పెద్దతనం వచ్చింది."

మావిస్ ఒంటికాలి మీద లేచింది.

"నా పెద్దతనం సంగతి తర్వాత చూద్దాం, నీ బుర్ర ఎప్పుడు పుచ్చిందో చెప్పు! నిప్పు వస్తే ముందు పోయేదేంటోయ్? కరెంటు! కరెంటు పోతే నీ డబ్బా, నీ డిష్షు, నీ కొత్త ఫోను అన్నీ చచ్చి ఊరుకుంటాయి. ల్యాండ్‌లైన్‌కి మన ఇంట్లో కరెంటుతో పనేంటి? దానికి కావాల్సిన కరెంటు టెలిఫోను ఎక్స్ఛేంజి నుంచి ఆ తీగలోనే వస్తుంది. ఏమయ్యా, నిజమా కాదా?"

"నిజమే అనుకోండి, కానీ..." అని కంపెనీ మనిషి నసిగాడు.

"కానీలు గీనీలు నాకొద్దు. విన్నారుగా అందరూ?"

అంతటితో ఆగలేదు. మారతామని సంతకాలు పెట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి, గుమ్మంలో నిలబడి, వాళ్ల పిల్లల ముందే తిట్టి రద్దు చేయించింది. లోయంతా ల్యాండ్‌లైన్లే ఉంచుకుంది. క్లెమ్ ఒక్కడే పంతానికి ఇంటర్నెట్ ఫోను పెట్టించుకున్నాడు.

తర్వాత ఒక వేసవిలో లోయలోనే నిప్పు పుట్టింది. ఆ రోజుకి ముందే ఎక్కడో దూరాన అడవులు తగలబడుతూ ఉండటంతో, వారం రోజులుగా ఆకాశమంతా పొగే. ఎటు చూసినా ఒకే బూడిద రంగు. ఉత్తరపు గాలి ఒళ్లు కాల్చేస్తోంది. మావిస్ వంటింట్లో ఆప్రికాట్లు సీసాల్లోకి ఎత్తుతుండగా కరెంటు పోయింది. ఆమెకి కంగారు కలగలేదు సరికదా, క్లెమ్ ఫోను ఈపాటికి చచ్చి ఉంటుందన్న ఆలోచనకి నవ్వొచ్చింది. ఏప్రాన్ జేబులో ఉన్న తన ఫోను తీసి చూసుకుంది. లైటు వెలుగుతోంది. మళ్లీ జేబులో వేసుకుని పనిలో పడింది.

ఫోను మోగలేదు. పట్నం ఫైరింజన్ గేటు ముందు నుంచి రయ్యిమని పోయేదాకా ఆమెకి ఏమీ తెలియదు. బయటికి పరిగెత్తి సైరన్ తిప్పేసరికి గుట్ట వెనక క్లెమ్ షెడ్డు కూలిపోయింది. అతని గొర్రెలు కంచె మూలకి చేరి, ఒకదాని మీద ఒకటి పడి కాలిపోయాయి.

"గుట్ట మీదకెళ్తేగానీ నా సెల్లుకి సిగ్నల్ రాదు. నిప్పుని దాటుకుని అక్కడికెళ్లి చేశా," అని క్లెమ్ ఎదురైన ప్రతి మనిషికీ చెప్పాడు. మసి పట్టిన ముఖం మీద కన్నీళ్లు చారలు కట్టాయి. "రింగవుతూనే ఉంది. మళ్లీ మళ్లీ చేశా. ఎత్తలేదు. చివరికి ట్రిపుల్ జీరోకి చేసుకున్నా. నేనని తెలిసే ఎత్తలేదు."

కరెంటు ఇంకా రాలేదు. మావిస్ ఇంటికొచ్చి జేబులోని ఫోను తీసి బటన్ నొక్కింది. చప్పుడు లేదు. మోకాళ్ల నొప్పులతో ప్రతిసారీ గోడ దగ్గరికి పరిగెత్తలేక, పోయినేడాది పాత ఫోను పారేసి ఈ కార్డ్‌లెస్ కొనుక్కుంది. చేతిలో పట్టుకునే ముక్కకి బ్యాటరీ ఉంది. కానీ అది మోగాలంటే దాన్ని నిలబెట్టే కింద పెట్టె పనిచేయాలి, ఆ పెట్టెకి గోడలోని ప్లగ్గు నుంచి కరెంటు రావాలి. తీగ నిక్షేపంగా బతికే ఉంది. అవతల క్లెమ్‌కి రింగు వినిపించింది. ఇవతల ఫోను శవంలా పడి ఉంది.

ఆమెకి తల కొట్టేసినట్టయింది. దుర్మార్గురాలంటే పడగలదు, ఆ పేరు ఎలాగూ ఉన్నదే. తెలివితక్కువదంటే మాత్రం పడలేదు. ల్యాండ్‌లైన్ గురించి లోయంతటికీ పాఠం చెప్పిన మనిషి, తన ఫోను ఏమిటో తనే చూసుకోలేదంటే క్లెమ్ పడీపడీ నవ్వుతాడు. నోరు మూసుకుందామని నిశ్చయించుకుంది.

అలాగే మూసుకునేది కూడా. కానీ నోలా ఇంటికి వెళ్లింది. లోయలో ఆమె తిట్టకుండా మాట్లాడేది నోలాతోనే. టీ పోస్తున్న నోలా భుజం వెనక, ఫ్రిజ్ మీద, అచ్చం తన ఫోనులాంటిదే ఉంది.

"నువ్వు కాబట్టి పట్టుబట్టి లైను ఉంచావు. మాకదే ధైర్యం," అంది నోలా. తర్వాత గొంతు తగ్గించింది. "ఎత్తాల్సింది, మావిస్. వాడు ఎలాంటివాడైనా ఎత్తాల్సింది."

మావిస్ టీ తాగకుండానే లేచి వచ్చేసింది. దారిలో ఒక్కొక్క ఇల్లే తలుచుకుంది. ప్రతి ఇంట్లోనూ తీగలేని ఫోనే గుర్తొచ్చింది. ఎండాకాలం ఇంకా చాలా మిగిలి ఉంది.

సైరన్ ఎవరింట్లో ఉండాలో తేల్చడానికి మళ్లీ హాలులో చేరారు. మావిస్ అందరికన్నా ముందు లేచింది.

"నా ఫోను మోగలేదు. అది కార్డ్‌లెస్. కరెంటు లేకపోతే మోగదు. ఆ ముక్క నాకు తట్టలేదు, నేనంత వెర్రిదాన్ని. మీ ఇళ్లలో ఉన్నవీ అవే. ఇవాళే తీసి పారేసి, తీగ ఉన్నవి తగిలించుకోండి."

క్లెమ్ మెల్లగా లేచాడు. అరుస్తాడనుకుంది గానీ అరవలేదు.

"రింగు నా చెవులతో విన్నా, మావిస్. కరెంటు లేకపోయినా మోగుతుందని ఇక్కడే నిలబడి చెప్పావు. ఇన్నేళ్లలో నన్ను తిట్టని తిట్టు లేదు, అబద్ధం మాత్రం ఎప్పుడూ ఆడలేదు. ఆ ఒక్కటీ నీలో నచ్చేది. అదీ పోగొట్టుకున్నావు."

"అబద్ధం కాదురా మూర్ఖుడా! కావాలంటే వచ్చి చూడు!"

"నీ ఇంటి గడప తొక్కను."

ఆమె నోలా వైపు చూసింది. నోలా ఒళ్లోని సంచిలో ఏదో వెతుక్కుంటూ ఉండిపోయింది. సైరన్ క్లెమ్‌కి ఇవ్వాలని చేతులెత్తారు. ఎవరింట్లో ఏ ఫోనుందో ఎవరూ మాట్లాడుకోలేదు. కుర్చీలు మడిచి గోడకి ఆనించి వెళ్లిపోయారు.

మర్నాడు పొద్దున్నే మావిస్ నోలా తలుపు తట్టింది. కిటికీ తెర కదిలింది, తలుపు తెరుచుకోలేదు.

"నా మొహం చూడకు, నన్ను నమ్మకు, నీ ఇష్టం!" అని గొంతు చించుకుంది. "ఆ ఫోను పెట్టె ప్లగ్గు గోడలోంచి పీకి, ఎవరిచేతైనా ఒక్క ఫోను చేయించుకుని చూడవే, మొద్దుదానా!"

లోపల రేడియో శబ్దం పెరిగింది. మావిస్ అంతకన్నా గట్టిగా అదే మాట మళ్లీ అరిచి, బండెక్కి పక్కింటి గేటు వైపు తిప్పింది.