మనవైపే

నేను కాలేజీలో చదివే రోజుల్లో ఖిదిర్‌పూర్ డాక్ క్వార్టర్స్‌లో మా పక్కింటి పెద్దమ్మకు పేపరు చదివి వినిపించేదాన్ని. బంద్ వార్తయినా, ఎన్నికల వార్తయినా "అయితే మనకేటమ్మా?" అనేది. నేను మండిపడేదాన్ని.

భారత్, బర్మా సముద్రంలో సరిహద్దు గీతకు ఒప్పుకున్నాయని చదివిన రోజు మాత్రం ఆవిడ పేపరు మీద చెయ్యి పెట్టి ఆపింది. "మా గుంటడు ఎటేపు పడ్డాడమ్మా?"

చాలా ఏళ్ళ కిందట రంగూన్ నుంచి వస్తున్న ఓడలో చనిపోయిన ఆమె పసివాణ్ణి సముద్రానికే ఇచ్చేశారు.

"నీళ్ళ మీద గీతేమిటి పెద్దమ్మా! చేపలకీ చమురుకీ పంచుకున్నారు" అని వాదించాను. వినలేదు. ఊరడిల్లుతుందని "మనవైపే" అన్నాను.

కొంగు నోట్లో కుక్కుకుంది. "ఆడి అప్పని, నా పెద్ద పిల్లని, రంగూన్‌లోనే పాతిపెట్టీసినాం. ఇద్దరూ ఒకేపునే ఉన్నారనుకున్నాను. ఇప్పుడాడొక్కడూ ఇటైపోనాడు."

అది నా అబద్ధమని ఎన్నేళ్ళు వాదించినా ఆవిడ నమ్మలేదు.