గోలీలంత లడ్డూలు

కొత్త సంవత్సరం మొదటి రోజు వనపర్తిల మా గల్లీ అంత ఒక్కతాన కూసోని తింటం. ఇంటికొక వంట. తీపి మా అత్త వంతు. ఆమె లడ్డు చేస్తే గుప్పిట్ల పట్టదు, గల్లీల ఆమెకున్న పేరు గదే. పోయినేడు ఎంగిలి ప్లేట్లు నేనే ఎత్తిన. ఏ ప్లేట్ల జూసినా సగం కొరికిన పల్లీ లడ్డు. మా చేను చెల్కల పల్లీలు, రెక్కలు ముక్కలు చేసుకొని పండించినయి, చీమల పాలైనయి. నాకు ఒళ్ళు మండింది.

అందుకే ఈ యేడు ముందుగల్లనే చెప్పేసిన. "అత్తమ్మా, ఈసారి ఒక్క బుక్కకు సరిపోయేటట్టే చేస్త."

"బుక్కకా?" ఆమె చేతిల చాట కింద పెట్టింది. "ఇన్నేండ్ల సంది నా చెయ్యి పెద్దదని పేరు. ఇప్పుడు పిసినారి ముండ అంటరు. నా ఇజ్జత్ ఏం గావాలె?"

"ఎవలన్న నవ్విండ్రంటే ఇంక పొయ్యి కాడ నా పెత్తనం ఉండదు, జిందగీ అంత నువ్వు చెప్పిందే చేస్త," అన్న. నోటి దూల గదా నాది. అనేసినంక గని తెల్వలే ఎంత మాట అన్ననో.

పని సులువుగనే అయింది. వేంచిన పల్లీలు, నువ్వులు మిక్సీల బరకగ పట్టి, బెల్లం తురిమేసి, యాలక్కాయ దంచి, జర నెయ్యి కలిపిన. పాకం లేదు, పరేషాన్ లేదు. రేగుపండంత ఉండలు చుట్టి పళ్ళెంల పెట్టిన. నీళ్ళ మోటరు బంద్ చేసి వచ్చేసరికి పళ్ళెంల ఉండలు తగ్గినయి, పెద్దగైనయి. అత్త మూడింటిని కలిపి ఒక్కటి చేస్తున్నది, చప్పుడు గాకుంట. నేను మళ్ళ విడదీసి చుట్టిన. పక్కకు పోంగనే ఆమె మళ్ళ కలిపింది. ఆఖరికి పళ్ళెం అర్రల పెట్టి తాళం ఏసిన.

బంతిల అందరు కూసున్నంక నేనే వడ్డించిన. ఎదురింటి పెద్దమ్మ ప్లేట్ల జూసి, "ఇవేంది పిల్లా, లడ్డూలా, బీపీ గోలీలా?" అన్నది. బంతంత నవ్విండ్రు. అత్త తల వంచుకున్నది. నేనన్న మాట నా మెడకే చుట్టుకున్నది, ఏడుపొక్కటే తక్కువ.

గప్పుడు చివర్ల కూసున్న ముసలి పంతులు సారు చెయ్యి సాపిండు. షుగరొచ్చిన కాడి నుంచి ఆయన ప్లేట్ల తీపి పడంగ ఎవ్వరు జూడలే. "గింతదే గదా, ఒక్కటి ఎయ్యి బిడ్డా," అన్నడు. కండ్లు మూసుకొని నిమ్మలంగ నమిలిండు. "గిసొంటి గోలీలైతే డాక్టరు రాయకున్నా ఏసుకుంట."

ఇగ చూడాలె. తీపంటే చెయ్యి అడ్డం పెట్టేటోళ్ళంత ప్లేటు ముందుకు జరిపిండ్రు. పిల్లలు జేబులల్ల నింపుకున్నరు. పళ్ళెం ఊడ్చినట్టైంది. తిన్నంక ప్లేట్లు ఎత్తుకుంట ఒక్కొక్కటి తిప్పి తిప్పి జూసిన. ఎంగిలి ముక్క ఒక్కటి లేదు. గర్వమైంది, ఎందుకు దాచాలె?

ఎదురింటి పెద్దమ్మ వచ్చి, అవి ఎట్ల చేస్తరని అత్తను అడిగింది. అత్త కొంగు సర్దుకున్నది.

"పెద్దగ ఎవలైన చేస్తరు. గింత చిన్నగ చేసి బంతిల పెట్టాలంటే గుండె గావాలె. నాకు లేకుండె. మా కోడలికున్నది."

ఆమె నన్ను మెచ్చుకోంగ నేను ఇనుడు గదే మొదలు.