కిలోలు మింగిన కామా

1996 మే నెలలో నన్ను ఖమ్మంలోని ఒక ప్రభుత్వ కార్యాలయంలో గణాంక సహాయకుడిగా వేశారు. పినపాక అవతలి అడవి గూడేలకు వాగులు పొంగితే దారి ఉండదు. అందుకని వానలకు ముందే అక్కడి రేషన్ డిపోలకు బియ్యం చేర్చాలి. ఏ ఊరికి ఎన్ని కిలోలో కంప్యూటర్‌లో పట్టిక వేయడం నా పని.

మా పై అధికారికి ఆ పట్టిక ఒక్క కాగితంలో ఇమడాలి. పెద్ద అంకెలు చూడలేకపోతున్నానని, అన్నీ టన్నుల్లో కనిపించేలా ఫార్మాట్ పెట్టించారు. ఫార్మాట్ చివర ఒక కామా చేరిస్తే అంకె వెయ్యితో భాగించినట్టు కనిపిస్తుంది. గడిలోని అసలు అంకె మాత్రం మారదు. ముప్పై ఎనిమిది వేల కిలోలు 38 అయింది. ఒక చిన్న గూడేనికి రావలసిన నాలుగు వందల ఇరవై కిలోలు 0 అయింది. చిన్న ఊళ్లు సున్నాలవుతున్నాయండీ అని చెప్పాను. మొత్తం సరిపోయింది కదా, ఇంకేం అన్నారాయన. సరిపోకేం! అడుగున కూడిక అసలు అంకెలతోనే జరుగుతుంది మరి.

గోదాం వాళ్లు ఆ కాగితం చూసే లారీలు పంపారు. సున్నా ఉన్న ఊరికి లారీ ఎందుకు పోతుంది? వానలు మొదలయ్యాక ఆ గూడెం పెద్దాయన తడిసిన బట్టలతోనే ఆఫీసుకొచ్చాడు.

"మా ఊరికి సున్నా అంట గద సారూ. గట్లెవలు రాసిండ్రు? ఇండ్లల్ల గింజ లేదు. వాగు ఇంకింత లేస్తే పిల్లలకేం పెట్టాలె?"

ప్రింటులో సున్నా ఉంటే తానేం చేయగలనన్నారు అధికారి. నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల బియ్యం మా గోదాంలోనే, పంపిణీలో మిగిలిన సరుకు పేరుతో పడి ఉంది!

ఎవరినీ అడగకుండా ఆ ఫార్మాట్ తీసేశాను. కిలోల్లో మళ్లీ ప్రింటు తీసి గోదాంకు నేనే పట్టుకెళ్లాను. లారీ వాగు దాకానే పోగలిగింది. అక్కడి నుంచి ఊరి ఆడా మగా మోకు పట్టుకుని, నడుము లోతు నీళ్లలో బస్తాలు నెత్తిన మోసుకుపోయారు. రెండు బస్తాలు వాగు పాలయ్యాయి.

అధికారి మీద ఈగ వాలలేదు. నిర్ణయించిన ఫార్మాట్ ఎందుకు మార్చావో చెప్పమని మెమో నాకొచ్చింది! ఆ గూడెంలో మనుషులున్నారు కనుక, అని ఒక్క వాక్యం రాసిచ్చాను.

పెద్ద అంకెల కోసం పెట్టిన ఫార్మాట్‌లో చిన్న ఊళ్లను చూపకూడదు. మిగతా సర్వీసంతా సున్నా కనిపించిన ప్రతి గడినీ నొక్కి, గడిలోని అసలు అంకె చూపించే తెర పైపట్టీలో చూశాకే సంతకం పెట్టాను.