తూటు లేని గుండు

ధర్మపురిలో మేస్త్రి తిమ్మరాయన్ ఇంటికి వెళ్లినవాళ్లెవరైనా ముందు వసారాలో వరసగా నిలబెట్టిన ఫిరంగి గుండ్లను చూసి బెదిరేవాళ్లు. ఆయనకు అదో ముచ్చట. అన్నీ బొమ్మలేనని చెప్పి, ఒకటి తీసి పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకునేవాడు.

నిజంగానే బొమ్మలు. పెద్ద యుద్ధం రోజుల్లో కొత్త సిపాయిలకు ఫిరంగిలో గుండు పెట్టడం, గురి చూడటం నేర్పడానికి చేసిన ఉత్తుత్తి సామాను. తాత మాదప్పన్ అలాంటి శిక్షణ శిబిరంలో మోత కూలీ. ఆయన తెచ్చిన కొయ్య గుండుతో ఆడుకుంటూ పెరిగిన తిమ్మరాయన్‌కు ఆ పిచ్చి వదల్లేదు. పని లేని రోజు వస్తే చాలు, సేలం దాకా పాత ఇనుప కొట్లన్నీ గాలించేవాడు. పగిలిన గురి అద్దం ఒకటి, అంకెలు చెక్కిన ఇత్తడి చక్రం ఒకటి, ఇనుప గుండ్లు ఏడు పోగయ్యాయి. పెళ్లాం పొన్ని మొదట్లో తిట్టిపోసింది గానీ, తర్వాత వాటి పక్కనే కూర్చుని బియ్యం ఏరుకోవడం అలవాటు చేసుకుంది.

తాత ఒక్క మాట చెప్పి పోయాడు. "తూటు ఉంటే బొమ్మ. తూటు లేకుంటే దాని జోలికి పోవద్దు." లోపల పేలుడు మందు లేదని అందరికీ తెలిసేలా బొమ్మ గుండుకు ఈ పక్కనుంచి ఆ పక్కకు బెజ్జం వేసేవాళ్లట.

కానీ మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? బెజ్జం కనబడితే పూడ్చకుండా ఉండలేని చెయ్యి అది. తూట్లలో కందిరీగలు గూళ్లు పెడుతున్నాయని, ఓ ఆయుధపూజకు తాపీలతో పాటు గుండ్లనూ కడిగి, తూట్లన్నీ సిమెంటుతో పూడ్చి, పైన వెండి రంగు కొట్టాడు. పొన్ని పసుపు కుంకుమలు పెట్టి మురిసిపోయింది. ఆపైన ఏది ఏదో కనిపెట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఈ ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, కూతురు ఇలక్కియా పాలకోడు దగ్గర పునాది పనికి పోతూ, మన్ను గట్టిపరిచే దిమ్మిస విరిగిపోయిందని ఒక గుండు అడిగింది. తిమ్మరాయనే దానికి ఇనుప పట్టీలతో పిడిగా గొట్టం బిగించి ఇచ్చాడు. వారం తర్వాత ఆ పిల్ల సంబరంగా చెప్పింది, ఇది మిగతా గుండ్లకన్నా బరువని, మన్ను ఇట్టే కూర్చుంటోందని. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మళ్లీ ఆయుధపూజ దగ్గరపడింది. కొత్త రంగు కొడదామని పాతది గీకుతుంటే ఆరు గుండ్లకూ సిమెంటు మచ్చలు బయటపడ్డాయి. ఏడోది ఇలక్కియా దగ్గరుంది. అది తూట్లు పూడ్చిన తర్వాతెప్పుడో బొమ్మిడి పాత ఇనుప కొట్లో, మట్టి కరుచుకుని ఉండగా కొన్నది. కడిగి రంగు కొట్టింది పొన్ని. తూటు కూడా ఆమే పూడ్చిందనుకున్నాడు. ఎందుకో అనుమానమొచ్చి అడిగాడు.

"నేనేడ పూడ్చినాను? అది వచ్చినప్పుడే నున్నగా ఉండె," అంది పొన్ని.

ఇలక్కియా ఫోన్ మోగుతూనే ఉంది, ఎత్తదు. పనిలో ఉన్నప్పుడు అది అన్నం సంచిలో ఉంటుంది. తిమ్మరాయన్ మోపెడ్ తీశాడు. దారి పొడుగునా టమాటా ట్రాక్టర్లు, ఒక్కటీ పక్కకు తప్పుకోదు. హారన్ మీద నుంచి ఆయన వేలు లేవలేదు.

పని జరిగే చోటికి చేరేసరికి ధబ్, ధబ్ మని వినిపించింది. ఆ చప్పుడు వినిపిస్తోందంటే కూతురు బతికే ఉంది. ఆ చప్పుడునే ఆపాలి.

గుంతలో ఇలక్కియా గొట్టాన్ని రెండు చేతులా పైకెత్తింది. ఆయనకు కేక గొంతుదాకా వచ్చింది. ఉలిక్కిపడి వదిలేస్తుందేమోనని మింగేశాడు.

"అమ్మా, కింద వేయొద్దు. అట్లే పట్టుకో," అన్నాడు మెల్లిగా.

"చేతులు లాగుతాండాయి నాయనా."

గుంతలోకి దిగి గుండు కింద రెండు అరచేతులూ పెట్టాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఇసుకలో పడుకోబెట్టారు. రెండు నెలలుగా మన్ను కొట్టీ కొట్టీ కొసనా పక్కలా రంగంతా పోయి తళతళలాడుతోంది. ఎక్కడా సిమెంటు మచ్చ లేదు. కూలీలందరినీ రోడ్డు దాకా తరిమి, తిమ్మరాయన్ పోలీసులకు ఫోన్ చేశాడు. అది విన్నాక ఇలక్కియాకు సంగతి అర్థమైంది.

"బొమ్మేనని నువ్వే కదా నాయనా నా చేతికిచ్చినావు," అంది.

పోలీసులు వచ్చి దాన్ని తీసుకెళ్లాక తిమ్మరాయన్ కూతురిని ఇంటికి తెచ్చి, ఎదురుగా కూర్చోమని, తాను ఉలీ సుత్తీ పట్టుకున్నాడు. ఆరు గుండ్లనూ ఒక్కొక్కటిగా ఒళ్లో పెట్టుకుని, తూటుకు కన్ను ఆనిస్తే అవతల కూతురు కనిపించేదాకా ఆ సిమెంటు తవ్వుతూనే ఉన్నాడు.